క్రావడి బాకీ

దర్గా కూడలి కాడ నూరడుగుల స్తంభం లేపతారంట,
దిమ్మెకి రాయి కావాలని
ఢిల్లిబాబు ట్రాక్టరేసుకోని వచ్చినాడు.
క్వారీ రాయికి దుడ్డు దండగ మామా,
నీవా ఒడ్డున మిట్ట మీద పడుండేవి ఉండాయి కదా, అన్నాడు.

పడుండేవి.
పడలేదబ్బా, పడగొట్టినారు.
ముప్పై ఏండ్ల కిందట రెండు జీపులొచ్చి
గడ్డపారలు మా చేతికే ఇచ్చి.

చెంగల్రాయుణ్ణి మామిడితోపులో కాల్చినాక
ఆ స్థూపం చెక్కింది నేనే.
పందొమ్మిదేండ్లు నాకు, మీసం కూడా కుదురుగా లేదు.
కూలి లేదు. వాళ్ళమ్మ కన్నెమ్మ
పైటేలకి సంగటి ముద్ద, ఊరిబిండి తెచ్చి
రాతి మీదనే పెట్టేది.
కొడుకు పేరు మీద కాదు, కొంచెం పక్కన.

పేరులో తప్పు పోయినా.
'ల' కింద క్రావడి మర్చిపోయి
చెంగలాయుడు అని చెక్కినా.
నవ్వినోళ్ళు నవ్వినారు, తిట్టినోళ్ళు తిట్టినారు.
విప్లవం వచ్చినాక దిద్దుదువులేరా అన్నాడు
సంఘానికి పాటలు కట్టే ఎత్తిరాజులు.
కన్నెమ్మకి చదువు రాదు.
వేలితో తడిమి, సరిగ్గానే ఉంది నాయనా, అనేది.

విప్లవం రాలేదని నేననను.
మేము కంకర కొట్టను పోయినప్పుడు
వాకిట్లోకొచ్చి పిలిచి పోయిందేమో.
మిగిలినోళ్ళలో ఒకడు బెంగుళూరులో అపార్ట్‌మెంటు కాపలా.
ఒకడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో టెంకలు తోస్తాడు.
అడివికి పోయిన ఇద్దరూ లొంగిపోయి
సర్కారిచ్చిన పాడి ఆవులు తోలుకోనొచ్చినారు,
అవీ చచ్చినాయి.
ఎత్తిరాజులు మాత్రం గొంతు కాపాడుకున్నాడు.

అదే గొంతు.
అప్పుడు ప్రపంచ కార్మికులు అని చెయ్యి గాల్లోకి తోసేవాడు,
ఇప్పుడు సరిహద్దు అంటాడు, చెయ్యి అట్నే లేస్తుంది.
మన అన్నం తిని మనల్ని తిట్టేవాళ్ళు, అని
దర్గా ముందర పూలమ్మే ఖాదర్‌బీ వైపు
చూడకనే చూస్తాడు.
ఆమె మైకు వైరు పట్టుకున్న పిల్లోడికి
మూర మల్లెలు కొలిచి
ఇంకో బెత్తెడు కొసరేసింది.

నాకు జెండా మీద కోపం లేదు.
మనవడు లడాక్‌లో ఉండాడు, ఫోన్లో మంచు చూపిస్తాడు.
తొలిరోజు అది పైకెక్కి విచ్చుకుంటే
నా కండ్లూ చెమ్మైనాయి, అబద్ధమెందుకు.
రెండు నెల్లకే గాలికి కొస చినిగింది.
దించి మడిచి తీసుకుపోయినారు.
కొత్తది టెండర్లో ఉందంట.

దిమ్మె కట్టే పొద్దు
ఢిల్లిబాబు గొడుగు కింద నిలబడి చెప్పినాడు:
అక్షరాలుండే మొగం లోపలికి తిప్పు మామా,
నున్నటిది బయటికి.
తిప్పినా.
సిమెంటు పోసే ముందు వేలు పెట్టి తడిమినా,
చెంగలాయుడు.
ఉలి నడుముకే ఉంది, రెండు దెబ్బల పని.
వెనక మిల్లరు తిరగతా ఉంది,
కానీ కానీ అని అరుస్తా ఉండారు.

బయటి మొగాన చెక్కమన్నది:
శ్రీ ఎత్తిరాజులు, రాష్ట్ర కార్యదర్శి.
అక్షరానికి నలభై, గుడులకీ దీర్ఘాలకీ లెక్కలేదు.
శ్రీలో ఒకటి, రాష్ట్రలో ఒకటి,
ఆయనకి రెండు క్రావడులు.
ఆ రెండు మాత్రం, ఎందుకో చెయ్యి ఆగలా,
బొటనవేలు దిగేంత లోతుకి పోయినాయి.
వాన పడితే నీళ్ళు నిలుస్తాయి కదా మామా, అని
ఢిల్లిబాబు కూలిలో యాభై పట్టుకున్నాడు.

రాత్రయితే జెండా లేని స్తంభానికి
తాడు కొట్టుకుంటా ఉంటుందంట, టంగు టంగుమని.
ఖాదర్‌బీ బుట్ట ఎత్తుకుంటా అడిగింది:
ఈ దిమ్మె లోపల ఎవురన్నా రాయి కొడతా ఉండారా అన్నా?
నాకేం తెలుసు.
నా చెవులు ఉలికిచ్చేసి చాన్నాళ్ళయింది.
తాడేలేమ్మా, అన్నా.